రెండు రింగులు

మా పై పోర్షన్‌లో పదకొండేళ్లు ఉన్న అక్క చనిపోయిందని నాకు శనివారం సాయంత్రం ఐదుంబావుకు తెలిసింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు.

"అక్కా, మా అక్క పోయిందట. కాలేజీ కాడ్నే. మీరు జర పైన తాళం చూడుండ్రి" అన్నాడు.

తాళం సంగతి ఎందుకు అడిగాడో అతనికి కూడా తెలిసి ఉండదు. నేను మెట్లెక్కి, తాళం వేసే ఉందని చూసి, కిందికి వచ్చి చెప్పాను. ఆ తర్వాత నా లెక్కల నోట్సులో సమయం రాశాను.

నేను ఇంటి లెక్కలు రాసే మనిషిని. పాలు, గ్యాస్ బండ, నల్లా వచ్చిన సమయం, కరెంటు పోయిన సమయం, మళ్లీ వచ్చిన సమయం. ఆ రోజు పేజీలో ఐదుంబావు వరసకు పైన ఇంకో వరస ఉంది. "3-40. రెండు రింగులు." ఆమెను తలుచుకోవడానికి కూర్చున్నప్పుడల్లా నా కళ్లు మొదట ఆ వరస మీదికే పోతాయి.

ఆమె నాకు తోడబుట్టినది కాదు. ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేది. పిల్లల ఫైళ్లు, మార్కులు, అందరి మెయిళ్లు ఉండే సర్వర్లకు ఆమె కాపలా. ఆ గదిలో ఏసీ ఎప్పుడూ ఆగదు. వరంగల్ ఎండకు రోడ్డు మీద తారు కరుగుతున్న రోజుల్లో కూడా ఆమె సంచిలో స్వెటర్ ఉండేది. మాది కొత్తవాడ. మా గల్లీలో మగ్గం మీద జంపఖానాలు నేసే పెద్దాయన ఆమె పోతుంటే పలకరించకుండా ఉండేవాడు కాదు.

"ఏమక్కా, కాశ్మీర్ పోతాన్నవా?"

"ఆ. నువ్వు నేసిన జంపఖానా ఉన్నదిగాని, లేకుంటే ఎప్పుడో గడ్డగట్టుదును."

నిజంగానే అతని దగ్గర కొన్న చిన్న జంపఖానాను మడతపెట్టి, అక్కడ కుర్చీలో వేసుకుని కూర్చునేది. ఇంటికి వచ్చాక గంటసేపు ఆమె చేతులు చల్లగా ఉండేవి. వేడి చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "మిషన్లకు ఏసీ, నాకు సర్ది" అని నవ్వేది. దవాఖాన నుంచి తెచ్చి చర్చిలో ఉంచినప్పుడు పెట్టెలో ఆ చెయ్యి పట్టుకున్నాను. అది ఎప్పటిలాగే ఉంది. ఆ చల్లదనంలో నాకు తేడా ఏమీ తెలియలేదు. అందుకే కాబోలు, ఏడుపు కూడా రాలేదు.

మా స్నేహం ఒక దొంగ ఉత్తరంతో మొదలైంది. ఆమె మా ఇంటికి అద్దెకు వచ్చిన కొత్తలో, ఒకరోజు నాకు మెయిల్ వచ్చింది. మా అమ్మాయి అప్పుడు బడిలో ఉంది. రెండు గంటల్లోగా వివరాలు పంపకపోతే హాల్ టికెట్ రద్దవుతుందని అందులో ఉంది. నేను ఫోన్ పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తాను. ఆమె నేల మీద కూర్చుని పుంటికూర తెంపుతోంది. ఫోన్ వైపు చూడనే లేదు.

"కూసో చెల్లె. ఈ కట్ట తెంపు."

"అక్కా, రెండు గంటలే టైం ఇచ్చిండ్రు."

"కట్టకు పది నిమిషాలు. తెంపు."

ఒళ్లు మండింది. అయినా తెంపాను. ఆకు ఆకూ గిల్లి, కాడలు పక్కకు వేసి, కట్ట పూర్తయ్యాక, "ఇగ ఇప్పుడు మల్ల చదువు" అంది. చదివాను. అదే ఉత్తరం. కానీ ఈసారి అందులో మా అమ్మాయి పేరు లేదని కనబడింది. బడి పేరు లేదని కనబడింది. పంపినవాడి చిరునామా ఏ ఊరిదో తెలియని అక్షరాల కుప్ప అని కనబడింది.

"ఒక్క కట్ట తెంపేదాంక ఆగలేని ఉత్తరం నీది కాదు చెల్లె" అంది ఆమె. తర్వాత ఎన్నోసార్లు అంది. ఇంకో మాట కూడా చెప్పేది. "పాస్‌వర్డ్ ఎవలడిగినా చెప్పకు. నేనడిగినా ఇయ్యకు. నా పేరుతోని వచ్చినా, నా గొంతుతోని వచ్చినా ఇయ్యకు." అప్పుడు నేను ఎగతాళి చేశాను. "నీ గొంతు ఇంకెవలకు వస్తదే అక్కా, పొద్దుగాల ప్రార్థనల పాడితే గల్లీ కుక్కలు లేస్తయి" అన్నాను. ఆమె నవ్వలేదు. "వస్తది" అంది.

మా అమ్మాయి పెద్దదై అదే కాలేజీలో పరిశోధనకు చేరింది. మూడేళ్లుగా రాస్తున్నదంతా కాలేజీ ఖాతాలోనే ఉంటుంది. ఇంట్లో కూర్చుని అందులోనే పని చేస్తుంది. ప్రతి నెలా రెండో శనివారం సెలవు గనక ఆ సాయంత్రం నాలుగింటికి సర్వర్లు ఆపి బాగుచేసేవారు. వారం ముందే నోటీసు మెయిల్ వచ్చేది. అయినా అందరూ మరిచిపోయేవారు. ఆపే వేళకు పనిలో ఉన్నవాళ్ల రాత పోయేది. అందుకని అక్క తన సొంత పద్ధతి ఒకటి పెట్టుకుంది. సెలవు రోజుల్లో కూడా పనిచేసేవాళ్ల పేర్లు ఒక రిజిస్టర్‌లో రాసుకుని, ఆపడానికి ఇరవై నిమిషాల ముందు ఆఫీసు ఫోన్ నుంచి ఒక్కొక్కరికి రెండు రింగులు కొట్టి పెట్టేసేది. రెండు రింగులు వస్తే సేవ్ చేసుకోవాలి, అంతే. మా అమ్మాయి ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లో ఉంటుందని ఆ రింగులు నాకు ఇచ్చేది.

"ఎత్తకు చెల్లె. నువ్వెత్తి 'తిన్నవా అక్కా' అంటవు. నీ ఎనుక పదిమందికి ఆలస్యమైతది."

"మరి నాకు అందిందని నీకెట్ల తెలుస్తది?"

"రింగు పోయినంక పేరు పక్కన టిక్కు పెడ్త. ముందుగాల పెడితే మోసం."

అలా నా ఫోన్‌లో "అక్క ఆఫీసు" అని ఒక పేరు చేరింది. ఆ పేరు వెలిగితే ఎత్తకూడదు. నేను నోట్సులో సమయం రాసి, "బిడ్డా, సేవ్ చెయ్" అని కేక వేసేదాన్ని. చెప్పిన వేళకు అంతా ఆగిపోయేది. తిరిగి వచ్చిన వేళ కూడా రాసేదాన్ని. నెలాఖరున అక్క నా నోట్సు తీసుకుని తన రిజిస్టర్‌తో సరిపోల్చేది. ఒక్క నిమిషం తేడా ఉన్నా ఇద్దరం వాదించుకునేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ శనివారం మూడు నలభైకి రెండు రింగులు వచ్చాయి. నేను ఎత్తలేదు. సమయం రాశాను, కేక వేశాను. అమ్మాయి సేవ్ చేసి పక్కకు జరిగింది. నాలుగైంది, నాలుగుంబావైంది. ఏదీ ఆగలేదు.

"అమ్మా, పెద్దమ్మ మర్చిపోయిందేమో. అంతా నడుస్తనే ఉన్నది."

"మీ పెద్దమ్మ మర్చిపోదు. ఆగు."

ఐదుంబావుకు ఫోన్ వచ్చింది. సెలవు కాబట్టి ఆ గదిలో ఆమె ఒక్కతే ఉందట. ఐదింటికి వాచ్‌మన్ చూసేసరికి కుర్చీలోనే, తల బల్ల మీద పెట్టి ఉందట. మూడున్నరకూ నాలుగింటికీ మధ్య గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడు.

మూడున్నరకూ నాలుగింటికీ మధ్య. చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే నా తలలో ఆ మాటే తిరిగింది. ఆ ఫోన్ సర్వర్లు ఆగుతాయని చెప్పడానికి చేసిందా, చెల్లె ఒక్కసారి ఎత్తు అని చేసిందా? ఆమె పెట్టేసిందా, చేతిలోంచి జారిందా? ఎత్తొద్దని ఆమే నేర్పింది, నేను ఎత్తలేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి రోజుల్లో పై పోర్షన్ తాళంలోనే ఉంది. తాళం చెవి తమ్ముడి దగ్గరుంది. ఆమె సొంత కంప్యూటర్‌కు యూపీఎస్ ఉండేది, కరెంటు పోతే కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె. దాని స్విచ్ ఎవరూ తీయలేదు. పగలు కరెంటు పోయినప్పుడల్లా ఖాళీ ఇంట్లోంచి, నా వంటింటి నెత్తిన, కుయ్ మని ఒక చప్పుడు. కొంచెం ఆగి మళ్లీ కుయ్. ఆమె ఉన్నప్పుడు ఆ వెంటనే అడుగుల చప్పుడు వినబడేది, అది ఆగేది. ఇప్పుడు అడుగులు లేవు. బ్యాటరీ అయిపోయేదాకా అది పిలుస్తూనే ఉండేది. నేను గరిటె పట్టుకుని పైకి చూస్తూ నిలబడేదాన్ని.

చర్చివాళ్లు ఆమె కోసం ప్రార్థన చేసే ఆదరణ కూడిక జరిగిన నాలుగో రోజు, పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది. నెత్తిన కుయ్ మంది. అదే సమయంలో మా అమ్మాయి ముందు గదిలోంచి, "అమ్మా" అంది. ఆ గొంతు విని నేను చేతులు కూడా తుడుచుకోకుండా వెళ్లాను.

అమ్మాయి ఫోన్‌లో అక్క పేరుతో మెయిల్ ఉంది.

పేరు ఒక్కటే కాదు, చిరునామా కూడా ఆమెదే. నోటీసుల కింద ఎప్పుడూ పెట్టే వరసలే కింద ఉన్నాయి. పైన మాత్రం ఇలా ఉంది: "అత్యవసరం. ఈరోజు సాయంత్రం నాలుగు గంటలకు మీ ఖాతా ఆగిపోతుంది. మీ ఫైళ్లు నిలుపుకోవాలంటే కింద నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి."

"పెద్దమ్మ ముందే టైం పెట్టి పోయిందేమో అమ్మా. అట్ల పెట్టొచ్చు" అంది అమ్మాయి. ఆమె బొటనవేలు ఆ నొక్కమన్న నీలం గీత మీద ఆడుతోంది. "ఆ శనివారం ఆపాల్సింది ఆగలే గదా. అదే ఇది కావచ్చు."

పైన మళ్లీ కుయ్ మంది. నాకు కూడా ఒక్క క్షణం అలాగే అనిపించిందని దాచను. ఆమె చెప్పిన ఆ నాలుగు గంటలు ఇంకా రాలేదు, ఇవాళ వస్తాయి అనిపించింది.

"నొక్కకు" అన్నాను.

"నా మూడేండ్ల పని అమ్మా."

"నొక్కకు బిడ్డా."

"ఒక్కసారి తెరుస్త. లోపట ఇంకేమన్న రాసిందేమో చూస్త." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నాకు అర్థమైంది. ఫైళ్ల భయం సగమే. మిగతా సగం, ఆ పేరు.

ఇంట్లో పుంటికూర లేదు. చిక్కుడుకాయలున్నాయి. చేట తెచ్చి దాని ఒళ్లో పెట్టి, ఫోన్ నా చేతిలోకి తీసుకున్నాను. "ఈనెలు తియ్. తీసినంక నువ్వు ఏం చేస్తనన్నా ఒద్దన" అన్నాను. అది ఏడుస్తూనే తీసింది. నేను నోట్సులు ముందేసుకుని వెనక్కి తిప్పాను. నేను రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి రెండో శనివారాలన్నీ చూశాను. ప్రతి ఆగుడుకూ ఇరవై నిమిషాల ముందు "రెండు రింగులు" అని ఉంది. రింగులు లేకుండా అక్క ఎన్నడూ ఏదీ ఆపలేదు. నొక్కమనీ అడగలేదు, ఇవ్వమనీ అడగలేదు. రింగు ఇచ్చి ఊరుకునేది.

చిక్కుళ్లు అయిపోయాయి. అమ్మాయి ముక్కు తుడుచుకుని మెయిల్ మళ్లీ చదివింది.

"పెద్దమ్మ ఎన్నడు 'అత్యవసరం' అని రాయది" అంది నెమ్మదిగా.

అక్క ఖాతా ఎవరి చేతికో పోయిందని తోచి, ఆమె తమ్ముడికి ఫోన్ చేశాను. అక్క ఫోన్ ఎవరికైనా ఇచ్చావా అని అడిగాను. అది తన దగ్గరే ఉందన్నాడు. చౌరస్తాలో అక్క ఫోటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించాడు. మనవాళ్లందరూ కట్టించినట్టే పేరు, ఉద్యోగం, కింద తన ఫోన్ నంబరు. దాన్నే ఫోటో తీసి స్టేటస్‌లో కూడా పెట్టాడు.

"నిన్న ఒకాయన కాలేజీ నుంచని ఫోన్ చేసిండక్కా. మీ అక్క కాగితాలు జల్ది కావాల్నంటే ఆమె ఫోనుకు ఒక నంబరు వస్తది, చెప్పుండ్రి అన్నడు. అక్క పని గదా అని చెప్పిన." మళ్లీ తనే, "తప్పు చేసిన్నా?" అన్నాడు.

"అక్క పనేనని చేసినవ్ తమ్మీ. ఫికర్ జెయ్యకు. నేను పోతాన్న" అన్నాను. 

ఆటోలో కాలేజీకి వెళ్లాం. నేను ఆ గదికి వెళ్లడం అదే మొదటిసారి. మధ్యలో అద్దం. అద్దం ఇవతల సన్నటి వరండా, అవతల ఎర్రగా, ఆకుపచ్చగా మినుకుమనే అల్మారాల లాంటి మిషన్లు. ఒక బల్ల. కుర్చీలో జంపఖానా ఇంకా మడతపెట్టే ఉంది. ఆమె స్థానంలో తాత్కాలికంగా కూర్చున్న సారు రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. అతను జంపఖానా ఉన్న కుర్చీలో కాకుండా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

మేము చెప్పేలోపే అతనికి తెలిసింది. చాలామంది అప్పటికే నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేశారు.

"గంత చదువుకున్నోళ్లు అమ్మా. ఒక మేడమ్ అయితే, ఆమె పేరు చూసి ఏడ్చుకుంటనే నొక్కిన అంటాంది." తల పట్టుకున్నాడు. "పోయినోళ్ల ఖాతాలు మూసేటిది ఆమెనే. ఆమెది మూయాల్నని మాకెవలకు తోచలే."

ఆ మాటతో నాకు ఒకనాడు మెట్ల మీద ఆమె చెప్పింది గుర్తొచ్చింది. ఆ రోజు చనిపోయిన ఒక లెక్చరర్ ఖాతా మూసి వచ్చింది. "నేను లేచి నిలబడి మూస్త చెల్లె" అంది. "మనిషి పోతాంటే లేస్తం గదా. కూసోని మూస్తే మంచిగుండది. మూయకుంటే ఇంక మంచిగుండది. వాళ్ల డబ్బాలల్ల ఉత్తరాలు పడుతనే ఉంటయి. పుట్టినరోజు శుభాకాంక్షలు పడ్తయి. ఎవలు చదవరు. కని పడుతనే ఉంటయి."

ఆ సంగతి సారుకు చెప్పాను.  ఆమె ఖాతా మూసి, అందరి పాస్‌వర్డ్‌లు మార్చడానికి సర్వర్లన్నీ కాసేపు ఆపాలన్నాడు. బల్ల మీద ఉన్న రిజిస్టర్ తెరిచాడు.

"ఆ శనివారం పేజీ ఇట్లనే ఉండిపోయిందమ్మా. ఆపిన టైం రాసేకాడ ఖాళీ. దాన్ని ఇడిసిపెట్టి కొత్త పేజీ తిప్పబుద్ధి కాలే."

నేను ఆ పేజీ చూశాను. నేను ఆ గదికి వచ్చింది అందుకేనని అప్పుడు నాకే తెలిసింది. పేర్ల వరస ఆమె చేతిరాతలో, పెన్సిల్‌తో ఉంది. అన్నిటి పక్కన టిక్కులున్నాయి. అందరూ కాలేజీవాళ్లు గనక వాళ్ల పేర్లు పైన రాసి, అన్నిటికన్నా కింద, బయటి మనిషిని ఒక్కదాన్ని రాసుకుంది. "కింది చెల్లె." నా నంబరు. దాని పక్కన టిక్కు.

ఆ టిక్కు మీద వేలు పెట్టాను. వంకర లేదు. రింగు పోయినంక టిక్కు, ముందుగాల పెడితే మోసం. అంటే నాకు రెండు రింగులు కొట్టి, ఫోన్ పెట్టేసి, పెన్సిల్ తీసి, గీత గీసేంత వరకు ఆమె ఉంది. పిలవలేదు. పని పూర్తి చేసింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. అయితే, ఆ గీత గీస్తున్నప్పుడు ఆమెకు నొప్పి ఉందో లేదో టిక్కు చెప్పదు. అది కూడా నాకు తెలుసు.

సారు మమ్మల్ని బయటికి పంపి, అద్దం అవతల ఫోన్ అందుకున్నాడు. ఆమె రిజిస్టర్ ప్రకారమే పైనుంచి ఒక్కొక్క నంబరు నొక్కుతున్నాడు. రెండు రింగులు, పెట్టెయ్యడం, టిక్కు. ఆమె టిక్కు పక్కనే ఇంకో టిక్కు. అమ్మాయి నా భుజం మీద తల పెట్టి చూస్తోంది.

నా చేతిలో ఫోన్ మోగింది. తెర మీద "అక్క ఆఫీసు" అని వెలిగింది.

కింది చెల్లె అంటే నేనేనని ఆయనకు చెప్పనే లేదు. వరసలో చివరి నంబరు గనక నొక్కాడు, అంతే. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాను. ఒక రింగు. అద్దంలోంచి ఆయన నా చేతిలోని వెలుగు చూసి ఆగిపోయాడు. రెండో రింగు.

ఈసారి ఎత్తాను.

ఆయన హలో అనలేదు. రిసీవర్ పెట్టెయ్యలేదు కూడా. నన్ను చూస్తూ దాన్ని మెల్లగా ఆ కుర్చీలో, మడతపెట్టిన జంపఖానా మీద ఉంచాడు. లేచి నిలబడ్డాడు. గోడ గడియారం చూసి, వంగి రిజిస్టర్‌లో ఖాళీగా ఉన్నచోట సమయం రాశాడు. తర్వాత మీట నొక్కాడు.

ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాను. ఆమె ఇన్నేళ్లు విన్న చప్పుడు, మిషన్ల గాలి హోరు. అది ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్క మిషన్ పడుకుంటున్నట్టు సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగిపోయింది. అద్దం వెనక దీపాలు ఒక్కొక్కటే ఆరాయి.  నా ఫోన్ తెర మీద ఆమె ఆఫీసు పేరు అలాగే ఉంది, దాని కింద సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.